తల్లి మొక్కను చూసి మొక్క కొనండి

(పూల రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. పాలీహౌస్ సబ్సిడీ, బ్యాంకు లోను, డ్రిప్ ఫైలు గురించి మధ్యాహ్నం అధికారులు చెబుతారు. ఆ ప్రశ్నలన్నీ వాళ్లకోసం దాచి పెట్టుకోండి. నాకిచ్చిన గంటలో నేను మొక్క గురించే మాట్లాడతాను. తోటలో నాటిన తర్వాతి సంగతి కాదు, నాటడానికి ముందు సంగతి.

పాలీహౌస్ వేసేటప్పుడు మనవాళ్లు షీటు ఎన్ని మైక్రాన్లో అడుగుతారు, పైపు మందం కొలిచి చూస్తారు, అవసరమైతే నలుగురి తోటలకు వెళ్లి వాకబు చేస్తారు. మొక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండే ప్రశ్నలు. రేటెంత, ఎప్పుడిస్తావు. ఏ తల్లి నుంచి తీశారు, ఆ తల్లి వయసెంత, దానికి ఏ జబ్బూ లేదని ఎవరు చెప్పారు అని అడిగినవాళ్లను నేను చాలా తక్కువమందిని చూశాను.

ముందు ఒక తేడా పట్టుకుందాం. గుడిమల్కాపూర్ మార్కెట్లో బంతి, విడి చామంతి కిలోల లెక్కన పోతాయి. కిలోలో నాలుగు పూలు చిన్నవైనా ఎవరూ పట్టించుకోరు. కట్ ఫ్లవర్, అంటే కాడతో కోసి అమ్మే పువ్వు, అలా కాదు. గులాబీ అయితే 20 కాడల కట్ట. కాడలన్నీ ఒకే పొడవు ఉండాలి, మొగ్గలన్నీ ఒకే దశలో ఉండాలి, రంగు తేడా రాకూడదు. కట్టలో మూడు కాడలు పొట్టివి కనబడితే మొత్తం కట్టకే పొట్టి కాడల రేటు కడతారు. అందుకే ఈ వ్యాపారంలో తోటంతా ఒకే మొక్కకు నకలుగా ఉండాలి. విత్తనంతో ఆ పని జరగదు. గులాబీ, జర్బెరా, చామంతి లాంటివి ఎన్నో తరాల సంకరాలు. వాటి విత్తనం వేస్తే ఒక్కో మొక్క ఒక్కో రకంగా పూస్తుంది. కొత్త రకాలు పుట్టించే బ్రీడరుకు అది కావాలి, మనకు అక్కర్లేదు. మనకు కొమ్మ, కన్ను, పిలక, దుంప, లేకపోతే ల్యాబులో పెంచిన కణజాలం కావాలి.

చిక్కంతా ఇక్కడే ఉంది. జిరాక్స్ తీస్తే అక్షరాలతో పాటు కాగితం మీది మరక కూడా దిగుతుంది కదా. శాఖీయ ప్రవర్ధనం, అంటే విత్తనం లేకుండా కొమ్మతోనో పిలకతోనో మొక్కను పెంచడం కూడా అంతే. తల్లి రంగు, తల్లి పొడవుతో పాటు తల్లికున్న వైరస్, తల్లి వేళ్లలోని నులిపురుగు, కాండంలో దాక్కున్న ఎండు తెగులు శిలీంధ్రం అన్నీ పిల్లకు వస్తాయి. విత్తనమైతే చాలా వైరస్‌లను దాటనివ్వదు. కొమ్మకు ఆ అడ్డు లేదు. ఒక తల్లి మొక్క నుంచి వంద కొమ్మలు తీస్తే, ఒక జబ్బును వందచోట్ల నాటినట్టు కూడా కావచ్చు. ఈ రోజు నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

చామంతితో మొదలుపెడతాను, మన దగ్గర అందరికీ తెలిసిన పంట కాబట్టి.

పాత పద్ధతి మీకు తెలిసిందే. పూత అయిపోయాక మొదలు దాకా కోసేస్తాం, నీళ్లు పెడతాం, పిలకలు వస్తాయి, వేళ్లతో సహా చీల్చి నాటుతాం. ఖర్చు లేని పని. కానీ పాత మట్టి, పాత వేళ్లు, వాటిలో ఉన్నదంతా కొత్త మడికి వెళ్తుంది. పైగా ఒక పిలక లావు, ఒకటి సన్నం. విడిపూలకు నడుస్తుంది, కట్ ఫ్లవర్‌కు నడవదు. అందుకే కొన కొమ్మలు వేయాలి. పిలకలను అలాగే నాటేయకుండా తల్లి మొక్కలుగా పెంచి, వాటి కొనలు తీసుకోవాలి.

తల్లి మొక్క ఎప్పుడూ ఆకు దశలోనే ఉండాలి, మొగ్గ ఆలోచన దానికి రాకూడదు. చామంతి రాత్రిని కొలుచుకునే మొక్క. రాత్రి ఒక హద్దు దాటి పొడవైతే మొగ్గ కడుతుంది. కట్ ఫ్లవర్ రకాల్లో చాలావాటికి ఆ హద్దు పది గంటల అటూ ఇటూ. ఇప్పుడు మన ఊరి లెక్క చూడండి. హైదరాబాద్‌లో జూన్ నెలలో అతి పొడవైన పగలు కూడా 13 గంటల పైచిలుకే. అంటే ఏడాదిలో అతి చిన్న రాత్రి కూడా పది గంటలు దాటుతుంది. హాలండ్‌లో అదే జూన్‌లో పగలు దాదాపు 17 గంటలు. అక్కడ వేసవిలో తల్లి మొక్క దానంతటదే ఆకు దశలో ఉంటుంది. మన దగ్గర నడి వేసవిలో కూడా కొన్ని రకాలు మొగ్గ వైపు చూస్తూనే ఉంటాయి. మన నాటు రకాలు కొంత మొండివి, బయటి నుంచి వచ్చిన రకాలు మాట వినవు. మొగ్గ మొదలైన కొమ్మను తెచ్చి నాటారనుకోండి, జానెడు ఎత్తులోనే పూసేస్తుంది. ఆ కాడ ఎవరు కొంటారు?

అందుకే తల్లి మొక్కల మడి మీద రాత్రి లైట్లు వేస్తారు. రాత్రంతా అక్కర్లేదు. పది నుంచి రెండు దాకా, నడిరేయిని రెండు ముక్కలు చేస్తే చాలు. మొక్క దాన్ని రెండు చిన్న రాత్రులుగా లెక్కేసుకుంటుంది. ఎరుపు కాంతి ఈ పనికి బాగా పనికొస్తుంది, కాబట్టి ఇప్పుడు ఎరుపు ఎల్‌ఈడీలు వాడుతున్నారు, కరెంటు బిల్లు తగ్గింది. దీనికి తిరగేసిన సమస్య కూడా ఒకటి ఉంది. పొలం గట్టు మీద పంచాయతీ వాళ్లు వీధి దీపం వేస్తే, ఆ దీపం వెలుగు పడినంత మేర చామంతి ఆలస్యంగా పూస్తుంది. ఎరువు తక్కువైందని అక్కడ యూరియా చల్లేవాళ్లూ ఉన్నారు. (నవ్వులు)

ఇక కొమ్మ తీయడం. ఇటు చూడండి, మొక్క తెచ్చాను. కొన నుంచి రెండు మూడు అంగుళాలు, మూడు నాలుగు విచ్చిన ఆకులు. కత్తి వాడట్లేదు, చూశారా? బొటనవేలు, చూపుడు వేలు మధ్య పట్టుకుని పక్కకు వంచుతున్నాను. టప్పున విరిగింది. ఇది సరైన ముదురు. ఇప్పుడు ఇంకొంచెం కింద వంచుతాను. విరగలేదు, నార సాగింది. ఇది ముదిరిపోయింది, వేరు ఆలస్యంగా, తక్కువగా వస్తుంది. విరవడంలో ఇంకో లాభముంది. చామంతి పొట్టి వైరాయిడ్ అని ఒకటుంది. వైరస్‌కన్నా చిన్నది, దానికి పైన ప్రోటీన్ తొడుగు కూడా ఉండదు. అది ప్రధానంగా కత్తి మీద, చేతుల మీద ప్రయాణం చేస్తుంది. తల్లి మొక్కలో చాలాసార్లు ఏ లక్షణమూ కనపడదు. తోటలో నాటాక మొక్క గిడసబారుతుంది, పువ్వు చిన్నదవుతుంది, రంగు వెలిసిపోతుంది. కత్తిని స్పిరిట్‌లో ముంచితే అది చావదు. బ్లీచింగ్ ద్రావణం కావాలి. కూలీలకు ఒక్కో మడికీ మధ్య చేతులు కడుక్కునే ఏర్పాటు చేయండి.

కొమ్మలు ఉదయమే తీయాలి, ఆకు నిండుగా నీళ్లతో ఉన్నప్పుడు. తీసినవి తీసినట్టు పాలిథిన్ సంచిలో వేసి నీడకు చేర్చాలి. గంపలో వేసి గట్టు మీద పెట్టి టీ తాగి వస్తే ఆ గంప మీద ఆశ వదులుకోవచ్చు. కింది ఆకు తీసేసి, వేరు పుట్టించే హార్మోన్ ఐబీఏ పొడి వెయ్యి పీపీఎంది మొదలుకు తాకించి, ఎక్కువైనది దులిపి, ప్రోట్రేలో, అంటే గుంటలున్న నారు ట్రేలో, ముప్పావు అంగుళం లోతున గుచ్చాలి. ట్రేలో నింపే మీడియాకు కడిగిన కొబ్బరి పొట్టు, పెర్లైట్ అనే తేలికపాటి తెల్ల గుళికలు కలిపితే సరిపోతుంది. కడిగిన అని ఎందుకంటున్నానంటే కడగని కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది, లేత వేరు దానికి మాడిపోతుంది.

మొదటి వారం ఆకు వడలిపోకూడదు, అలాగని మీడియా చిత్తడి కాకూడదు. ఈ రెండూ ఒకేసారి సాధించడానికే మిస్ట్, అంటే మంచులాంటి సన్నటి నీటి తుంపర పెడతారు. కొన్ని సెకన్లు మిస్ట్, కొన్ని నిమిషాలు విరామం. ఎండ ఎక్కువైతే విరామం తగ్గించాలి. రెండు మూడు వారాల్లో వేరు వస్తుంది. వేరు కనబడగానే మిస్ట్ తగ్గించేయాలి. చాలామంది జాలిపడి ఇంకో వారం తడుపుతారు, అప్పుడే కుళ్లు మొదలవుతుంది.

తల్లి మొక్కలను ఎన్నాళ్లు ఉంచాలి? నాలుగైదు నెలలు, అంతకు మించి వద్దు. ముసలి తల్లి కొమ్మ గట్టిపడుతుంది, తొందరపడి మొగ్గ కడుతుంది. మంచి నర్సరీలో ఒకవైపు కోస్తుంటే ఇంకోవైపు కొత్త తల్లుల మడి పెరుగుతూ ఉంటుంది. మీరు నర్సరీకి వెళ్లినప్పుడు చూడాల్సింది ట్రేల వరసలు కాదు, అవి ఎవరైనా అందంగా పేరుస్తారు. తల్లుల మడి ఎక్కడుందో చూపించమనండి. చూపించకపోయినా, "మేం వేరేచోట నుంచి తెస్తామండీ" అన్నా, ఆ వేరేచోటికి మీరే వెళ్లండి.

ఇప్పుడు గులాబీకి వద్దాం.

గులాబీ కొమ్మ నాటినా వేరు పోసుకుంటుంది, కాదనను. కానీ కట్ ఫ్లవర్ రకాల సొంత వేరుకు చాలాచోట్ల బలం చాలదు. సున్నపు నేల, ఉప్పు నీరు, నులిపురుగు, వీటన్నిటినీ ఓర్చుకునే అడవి వేరు కావాలి. దాని మీద మనకు కావలసిన రకం కన్ను, అంటే ఆకు మొదట్లో ఉండే చిగురు మొగ్గ, అంటుకడతాం. ఆరుబయట తోటలకు ఎడ్వర్డ్ గులాబీ వేరు, మల్టీఫ్లోరా వేరు, ఉత్తరాదిలో ఇండికా ఒడొరాటా వాడతారు. పుణె, హోసూరు, బెంగళూరు నుంచి మన పాలీహౌస్‌లకు వచ్చే డచ్ గులాబీ మొక్కలకు ఎక్కువగా నేటాల్ బ్రయర్ వేరు ఉంటుంది. మొక్క కొనేటప్పుడు ఏ రకం అని అడుగుతారు కదా, ఏ వేరు మీద కట్టారు అని కూడా అడగండి. రెండో ప్రశ్నకు తడబడేవాడి దగ్గర మొదటి జవాబు కూడా నమ్మలేం.

కన్ను అంటు ఎలా కడతారో దగ్గరగా చూపిస్తాను, ముందుకు రండి. ఈ వేరుమొక్క పెన్సిల్ లావుంది. దీన్ని కొమ్మగా నాటినప్పుడే మట్టిలోకి పోయే కళ్లన్నీ గీసేశారు. గీయకపోతే జీవితాంతం అడుగు నుంచి అడవి పిలకలు వస్తూనే ఉంటాయి, మీరు తీస్తూనే ఉంటారు. నేలకు రెండంగుళాల పైన అడ్డంగా ఒక గాటు, దాని మధ్య నుంచి కిందికి ఒక గాటు. ఇంగ్లిష్ అక్షరం టి. గాటు బెరడు దాకానే దిగాలి, చెక్కకు దిగకూడదు. కత్తి వెనక ఉన్న ఈ ఎముక మొనతో బెరడు లేపుతున్నాను. చూడండి, తడిగా, నున్నగా లేచింది. మొక్కలో రసం ఆడుతోందన్నమాట. రాత్రి నీళ్లు పెట్టకపోతే ఇలా లేవదు, చిరుగుతుంది. మన మైదానాల్లో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ పనికి మంచి కాలం.

ఇప్పుడు కన్ను. అప్పుడే పూసి, పువ్వు రాలిన కొమ్మ తీసుకోవాలి. దాని ముల్లును పక్కకు నొక్కండి. టక్కున ఊడి పచ్చి మచ్చ పడితే కొమ్మ సరిగ్గా ఉంది. ముల్లు వంగిపోతే లేత, ఊడకపోతే ముదురు. పూయని గుడ్డి కొమ్మల నుంచి కన్ను తీయకండి. ఆకును కోసేసి కాడను మాత్రం అంగుళంలో సగం ఉంచుతాను. ఈ కాడ తర్వాత మనకు కబురు చెబుతుంది. కన్ను కింద అర అంగుళం నుంచి కత్తి పెట్టి, పైకి జారుస్తూ చిన్న డాలు ఆకారంలో తీశాను. వెనక ఉన్న చెక్క పేలికను గోటితో లాగేస్తున్నాను. లోపల చిన్న బొడిపె కనబడుతోందా? అది ఉండాలి. చెక్కతో పాటు అది కూడా ఊడి గుంట పడితే ఆ కన్ను పారేయడమే. కాడ పట్టుకుని డాలును టి లోకి జార్చి, పైన మిగిలింది అడ్డగాటు దగ్గర కోసేసి, పాలిథిన్ పట్టీతో కింద నుంచి పైకి చుట్టాలి. కన్ను బయటే ఉండాలి. ఇదంతా నిమిషంలోపు అయిపోవాలి. తెరిచిన బెరడు ఆరిందంటే అతకదు. ఆరితేరినవాళ్ల చేతులు చూస్తుంటే కత్తి ఎప్పుడు ఆగిందో మనకు తెలియదు.

రెండు మూడు వారాల తర్వాత కాడను వేలితో తాకండి. ముట్టుకోగానే రాలిపోతే అంటు బతికింది. ఎండి, నల్లబడి, అంటుకునే ఉంటే పోయింది, వెనకవైపు ఇంకో కన్ను కట్టుకోండి. కన్ను చిగురించాక పైన ఉన్న అడవి కొమ్మను కోసేయాలి.

పెద్ద నర్సరీలు ఇప్పుడు ఇంత ఓపిక పట్టట్లేదు. 1980ల్లో హాలండ్‌లో స్టెంటింగ్ అని ఒక పద్ధతి మొదలైంది. వేరు కూడా రాని నేటాల్ బ్రయర్ ముక్క మీద, ఒక ఆకు, ఒక కన్ను ఉన్న రకం ముక్కను పెట్టి క్లిప్పు వేస్తారు. రెండిటినీ కలిపి మిస్ట్‌లో గుచ్చేస్తారు. కింద వేరు పుట్టడం, మధ్యలో అతుకు కలవడం ఒకేసారి జరిగిపోతాయి. నెలా నెలన్నరలో మొక్క తయారు. దీనికి తేమ, వేడి గడియారం పెట్టి చూసుకునే గది కావాలి, ఇంటి వెనక షేడ్‌నెట్ కింద చేసే పని కాదు. మీకు వచ్చే మొక్క స్టెంటింగ్‌దైతే అతుకు దగ్గర మెల్లగా వంచి చూడండి. అతుకు గట్టిగా ఉండాలి. వేరు మొదట్లో గడ్డలాంటి ఉబ్బు ఉంటే ఆ ట్రే మొత్తం వెనక్కి పంపండి. అది క్రౌన్ గాల్, బ్యాక్టీరియా జబ్బు. గాయాల ద్వారా, కత్తి ద్వారా పాకుతుంది, మందు లేదు.

కార్నేషన్ గురించి రెండు మాటలే చెబుతాను. ఊటీ, కొడైకెనాల్, సోలన్ లాంటి చల్లటి కొండల పంట అది. మన మైదానాల్లో పెట్టమని ఎవరైనా ఊరిస్తే ఒప్పుకోకండి. పెట్టినా దాని అసలు శత్రువు కొమ్మలో కనపడకుండా వచ్చే ఫ్యుజేరియం ఎండు తెగులు.

జర్బెరా. ఇక్కడున్నవాళ్లలో సగం మంది పంట అదే అనుకుంటాను. చేతులెత్తండి. సగం కంటే ఎక్కువే.

జర్బెరాను కూడా పిలకలు చీల్చి పెంచొచ్చు. కానీ ఒక మొక్క నుంచి ఏడాదికి వచ్చేవి ఐదారు పిలకలు, వాటితో పాటు మొదలు కుళ్లు కూడా. ఎకరానికి 24 వేల మొక్కలు కావాలంటే అది జరిగే పని కాదు. 1974లో మురాషిగే బృందం అమెరికాలో జర్బెరా చిగురు కొనలను గాజు సీసాల్లో పెంచి, వేగంగా మొక్కలు తయారుచేసే దారి చూపించింది. ఈ రోజు మనకు వచ్చే జర్బెరా అంతా టిష్యూ కల్చరే.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. టిష్యూ కల్చర్ అంటే చాలు, వైరస్ లేనట్టే అనుకుంటున్నారు. కాదు. సీసాలో బూజు, బ్యాక్టీరియా కనపడతాయి, పారేస్తారు. వైరస్ కనపడదు, మొక్కతో పాటు హాయిగా పెరుగుతుంది. 1952లో ఫ్రాన్సులో మోరెల్, మార్టిన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వైరస్ పట్టిన డేలియా నుంచి చిగురు చివరన మిల్లీమీటరు కూడా లేని కణాల ముద్దను తీసి, వైరస్ లేని మొక్కను సాధించారు. ఆ చిన్న కొనలోకి చాలాసార్లు వైరస్ చేరదు. అదే పని, ఆ తర్వాత పరీక్ష, రెండూ చేస్తేనే ఆరోగ్యమైన తల్లి. ఇవి చేయకుండా మామూలు ముక్క తీసి సీసాలో పెడితే ల్యాబు జబ్బును కూడా శుభ్రంగా పెంచి ఇస్తుంది. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2006లో టిష్యూ కల్చర్ మొక్కలకు ధ్రువీకరణ వ్యవస్థ తెచ్చింది. మీ ల్యాబు అందులో ఉందా, మీ బ్యాచ్‌కు వైరస్ పరీక్ష కాగితం ఉందా అని అడగండి. అడిగితే కోప్పడేవాళ్లు మీకు వద్దు.

రెండోది, ఒకే ముక్కను సీసాలో మళ్లీ మళ్లీ విడదీస్తూ పోతే కొన్నాళ్లకు తేడా మొక్కలు పుడతాయి. పొదలా పిలకలేస్తాయి, పువ్వు చిన్నది, కాడ సన్నం. ల్యాబువాడికి ఒక్కో విడదీత లాభమే కాబట్టి ఎక్కడ ఆపాలో అతని నిజాయితీ మీద ఉంటుంది.

సీసాలోంచి తీసిన మొక్క ఆకు మీద మైనపు పొర సరిగ్గా ఉండదు, ఆకు రంధ్రాలు మూసుకోవడం దానికింకా తెలియదు. బయటి గాలి తగిలితే గంటల్లో వాడిపోతుంది. అందుకే కొన్ని వారాలు అధిక తేమలో, ఆ తర్వాత షేడ్‌నెట్ కింద అలవాటు చేస్తారు. డిమాండ్ ఎక్కువున్న నెలల్లో ఈ రెండో దశను కుదించేస్తారు. మీరు ట్రే తీసుకునేటప్పుడు ఒక మొక్కను లాగి చూడండి. మీడియా ముద్ద విడిపోకుండా వేళ్లు అల్లుకుని తెల్లగా ఉండాలి, నాలుగైదు ఆకులు గట్టిగా ఉండాలి. నాటేటప్పుడు మొదలు బెడ్ మట్టానికి అర అంగుళం పైకే ఉండాలి. మొదలు మట్టిలో పూడిందా, ఫైటోఫ్తోరా కుళ్లుకు పిలుపు అందినట్టే. మంచి మొక్క తెచ్చి లోతుగా నాటి చంపుకున్న తోటలు బోలెడు.

రేటు సంగతి. మొక్కకు ఐదు రూపాయలు తక్కువకు దొరికిందని సంబరపడతాం. 24 వేల మొక్కలకు లక్షా 20 వేలు మిగిలింది. బాగుంది. ఆ మొక్క ఏడాదికి నాలుగే నాలుగు పూలు తక్కువ ఇచ్చిందనుకుందాం. పువ్వు సగటున రెండు రూపాయలు వేసుకుంటే లక్షా 92 వేలు పోయింది, అదీ ఒక్క ఏడాదిలో. జర్బెరా తోట రెండున్నరేళ్లు ఉంటుంది.

దుంప పంటలకు వస్తే అసలు నర్సరీ మీరే. నేలసంపంగి, మన వాడుకలో లిల్లీ. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన శృంగార్, సువాసిని, ప్రజ్వల్, వైభవ్ మీ అందరికీ తెలుసు. ఫ్లవర్‌వాజుల్లో పెట్టే కాడలకు ఎక్కువ రేకులున్న సువాసిని, వైభవ్ బాగుంటాయి. ప్రజ్వల్ విడిపూలకూ, కాడకూ రెండిటికీ పనికొస్తుంది.

ఇందులో గుర్తుపెట్టుకోవలసింది ఒక దుంప ఒక్కసారే పూస్తుంది. ఆ తర్వాత పూసేవి దాని పిల్లలు. మూడేళ్లు తవ్వకుండా వదిలేస్తే కుదురులో పిల్లలు కిక్కిరిసిపోయి ఏ ఒక్కటీ సరైన సైజుకు రాదు, కాడ పొట్టిదవుతుంది. ఆకు పండుబారినప్పుడు నీళ్లు ఆపి తవ్వండి, మట్టి దులిపి నీడలో ఒక నెల ఆరబెట్టండి. తర్వాత ఏరండి. అంగుళం అడ్డుకొలత, కదురులా కోలగా ఉన్నవి తోటకు. చిన్నవి వేరే మడికి, ఈ ఏడాది వాటినుంచి పువ్వు ఆశించొద్దు. పెద్దవీ చిన్నవీ కలిపి నాటితేనే చేను ఒక ముక్క పూస్తూ ఒక ముక్క ఎండగట్టినట్టు కనబడుతుంది. అడుగు ఎడంతో నాటితే ఎకరానికి సుమారు 45 వేల దుంపలు కావాలి. పక్క రైతు ఫ్రీగా ఇస్తానంటే ముందు అతని చేలో మొక్క పీకి వేళ్లు చూడండి. వేళ్ల మీద ముడులుంటే ఫ్రీగా వస్తున్నది నులిపురుగు.

గ్లాడియోలస్‌లో ఇంకో లెక్క. నాటిన దుంప ఆహారమంతా ఇచ్చేసి ఎండిపోతుంది, దాని నెత్తి మీద కొత్త దుంప కడుతుంది, మధ్యలో శనగ గింజల్లాంటి పిల్ల దుంపలు వస్తాయి. కొత్త దుంపకు తిండి పెట్టేది కాడ కోశాక మిగిలిన ఆకులు. మార్కెట్లో పొడవైన కాడకు రేటు ఎక్కువని ఆకులన్నిటితో సహా అడుగుకంటా కోస్తే ఈ ఏడాది రెండు రూపాయలు వస్తాయి, వచ్చే ఏడాది దుంప ఉండదు. నాలుగు ఆకులు వదలండి, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి తవ్వండి. కార్బెండజిమ్ అనే శిలీంధ్రం మందు ద్రావణంలో అరగంట ముంచి, ఆరబెట్టి, 4 డిగ్రీల కోల్డ్ స్టోరేజీలో మూడు నెలలు పెడితే నిద్ర తీరి అన్నీ ఒకేసారి మొలుస్తాయి. దుంప కొనేటప్పుడు వెడల్పుగా, చదునుగా ఉన్నదానికంటే నెత్తి ఎత్తుగా ఉన్నది తీసుకోండి. చదునుగా ఉన్నది ముసలిది.

విత్తనంతో పెంచే కట్ ఫ్లవర్లు కూడా ఉన్నాయి, మరిచిపోలేదు. చైనా ఆస్టర్ ఉంది కదా, దాని విత్తనం త్వరగా మొలక శక్తి కోల్పోతుంది, నిరుటి ప్యాకెట్టు కొనకండి. ఇప్పుడు బొకేల్లో కనబడే లిసియాంథస్ కూడా విత్తనంతోనే. గ్రాముకు దాదాపు 20 వేల గింజలు తూగుతాయి, అంత నలుసు. అందుకే పొర చుట్టిన గుళికలుగా అమ్ముతారు. నారు తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. ఆ లేత దశలో వేడి తగిలితే మొక్క ఆకులు పరుచుకుని నేలకు అంటుకుపోతుంది, కాడ లేవదు. బెంగళూరు లాంటి చల్లటి చోట పెంచిన నారు కొనుక్కోవడమే నయం.

ప్రశ్నలు అడగండి.

(ఒక రైతు: సార్, మంచి గులాబీ రకం ఒకటి నా దగ్గరుంది, హోసూరు నుంచి తెచ్చింది. దాని కళ్లు తీసి నేనే మొక్కలు కట్టి అమ్ముకోవచ్చా?)

రకం పాతదై, హక్కులు ముగిసినదైతే అమ్ముకోండన్నా. మన దేశంలో 2001లో వచ్చిన మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం కింద నమోదైన రకాన్ని బ్రాండు పేరుతో అమ్మే హక్కు మనకు లేదు. రైతుగా దాచుకోవడానికి, నాటుకోవడానికి, ఇచ్చిపుచ్చుకోవడానికి చట్టం చోటిచ్చింది. నర్సరీ వ్యాపారం వేరు. కొత్త విదేశీ రకాలకు నర్సరీ మొక్క లెక్కన బ్రీడరుకు రాయల్టీ కడుతుంది, అది మీ రేటులో కలిసే ఉంటుంది. లైసెన్సు లేని మొక్కల పూలు విదేశాలకు పంపితే అక్కడ బ్రీడరు ఆపించగలడు. ఎగుమతి ఆలోచన ఉంటే బిల్లుతో పాటు లైసెన్సు కాగితం కూడా అడిగి తీసుకోండి.

(ఒక మహిళా రైతు: హార్మోన్ పొడి బదులు కలబంద గుజ్జు పెడితే వేరు వస్తుందని వీడియోలో చూశాను. నిజమేనా?)

చామంతికి ఏమీ పెట్టకపోయినా వేరు వస్తుందమ్మా. అందుకే ఆ వీడియోల్లో ఏది పెట్టినా పనిచేసినట్టే కనబడుతుంది. (నవ్వులు) హార్మోన్ పెట్టేది వేరు రావడానికి కాదు, ట్రేలో ఉన్న అన్నిటికీ ఒకే వారంలో, ఒకే లెక్కన రావడానికి. పది మొక్కలు పెరట్లో పెట్టుకుంటే కలబంద రాయండి, పసుపు రాయండి. పది వేలు అమ్మాలంటే పొడి కొనండి. ముదురు చెక్క ఉన్న గులాబీ వేరుమొక్కలకైతే హార్మోన్ ఉన్నదానికీ లేనిదానికీ తేడా మీకే కళ్లకు కనబడుతుంది. డబ్బా మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. వాడేటప్పుడు కొంచెం వేరే మూతలోకి తీసుకుని, మిగిలింది పారేయండి, మళ్లీ డబ్బాలో పోయకండి. తడి కొమ్మలు ముంచిన పొడిలో తెగులు కూడా చేరి ఉంటుంది.

(మరో రైతు: కార్తీక మాసం పెళ్లిళ్లకు చామంతి కావాలంటే మొక్కలు ఎప్పుడు చెప్పాలి?)

వెనక్కి లెక్కేసుకోండి. నవంబరులో కోత అంటే జూలైలో నాటాలి. జూలైలో వేరుపడిన కొమ్మ చేతికి రావాలంటే జూన్ మధ్యలో నర్సరీలో గుచ్చాలి. ఆ కొమ్మలు ఇచ్చే తల్లులు మార్చి, ఏప్రిల్ నాటికి మడిలో ఉండాలి. కాబట్టి ఆర్డరు ఫిబ్రవరిలో, అడ్వాన్సు ఇచ్చి, రకం పేరు, కొమ్మ సైజు, ఇచ్చే తేదీ కాగితం మీద రాయించుకుని. జూన్‌లో ఫోన్ చేస్తే కూడా మొక్కలు దొరుకుతాయి, ఎవరో వద్దని వదిలేసిన ట్రేలు.